లారీకి పట్టిన మురికి

"నా లారీని ఎవరు కడిగిన్రు?"

పరమేష్ అరుపుకు వంటింట్లో భార్య ధరణి చేతిలో గరిటె ఆగింది. పెరట్లో బట్టలు ఆరేస్తున్న తల్లి పద్మమ్మ మాత్రం తొణకలేదు.

"నేనే బిడ్డా. ఎంత మురికి వట్టి ఉన్నదో! పళ్లు తోమే బ్రష్షుతోని మంచిగ తోమిన."

"అది మురికి గాదమ్మా! నెల రోజుల సంది కూసొని నేను చేసిన పని!"

లారీ అంటే జానెడు పొడవు ప్లాస్టిక్ లారీ. డబ్బాలో వచ్చిన ముక్కలన్నీ అతికించి, రంగులేసి, అచ్చం రోడ్డు మీది టిప్పర్‌లాగే కట్టాడు. ఈ పిచ్చి ఉన్నవాళ్లకు అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. కొత్త లారీని పాత లారీ చెయ్యాలి. తుప్పు, దుమ్ము, పొగ మరకలు అన్నీ సన్న కుంచెతో, రంగుపొడులతో పెట్టాడు. అవి ఊడిపోకుండా పైన వార్నిష్ ఈ పొద్దున కొడదామనుకున్నాడు. ఇప్పుడు చూస్తే లారీ షోరూంలోంచి అప్పుడే దిగినట్టు తళతళలాడుతోంది.

పదకొండింటికి యాప్రాల్‌లో ఇలాంటి బొమ్మ బండ్ల పోటీ. తుర్కపల్లి ల్యాబుల వాళ్లను తిప్పే క్యాబు డ్యూటీకి అందుకే సెలవు పెట్టాడు. రెండేళ్లుగా పోతున్నాడు, రెండేళ్లుగా ఉత్త చేతులతో వస్తున్నాడు. పోయినేడు జడ్జి జనార్ధన్ సార్ కాగితం మీద రాసిచ్చిన మాట అతనికి కంఠతా వచ్చు: 'మురికి పూసినట్టుంది, పట్టినట్టు లేదు.' ఆ కాగితం ఇంటిల్లిపాదికీ చదివి వినిపించి, వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఈసారి కూడా బహుమతి రాకపోతే ఈ పనే మానేస్తానని, బొమ్మలు కట్టుకునే టేబుల్‌ను ధరణి కుట్టుమిషన్‌కు ఇచ్చేస్తానని తనే ఒట్టేశాడు. ధరణి అలాంటి ఒట్లు మరిచిపోయే మనిషి కాదు.

"ఇరవై ఏండ్లు లారీలు కడిగిన చెయ్యి బిడ్డా. మురికి కనవడితే ఊకోదు," అంది పద్మమ్మ. మేడ్చల్ హైవే పక్క సర్వీసింగ్ షెడ్డులో ఆమె నీళ్ల పైపు పట్టుకుని కడిగిన బండ్లకు లెక్కలేదు.

"మూడు గంటలల్ల ఇగ ఏంజేస్త?" పరమేష్ కుర్చీలో కూలబడ్డాడు. నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంట్రుకంత సన్నని వైపర్లు, సైడ్ అద్దాలు ఒక్కటీ విరగలేదు, అదొక్కటే ఊరట.

"మురికే గద, మళ్ల వెడుదాం," అంటూ పద్మమ్మ లోపలికి పోయి నిమిషంలో మూడు గిన్నెలు తెచ్చింది. ఒకదాంట్లో దీపం మసి, ఇంకోదాంట్లో ముగ్గుపిండి, మూడో దాంట్లో మెత్తటి ఇటుక పొడి.

"అమ్మా, గిది ఆట గాదు."

"నీ లారీ ఏం మోస్తది?"

"మోసుడేంది? బొమ్మ లారీ!"

"ఇసుకనా, కంకరనా, మొరమా? ఏం మోస్తదో తెల్వకుంటే మురికి యాడికెల్లి వస్తది?"

నెల రోజుల్లో ఆ ప్రశ్న అతనికి ఒక్కసారీ తట్టలేదు. "కంకర," అన్నాడు మెల్లగా.

పద్మమ్మ చూపుడువేలికి ముగ్గుపిండి అద్దుకుంది. "కంకరైతే తెల్ల దుమ్ము. ఎనక తలుపు సందులల్ల దూరి కూసుంటది. ఎర్ర బురద టైరు ఎనక జిమ్ముతది, ముంగట గాదు. డీజిల్ మూత కింద నల్లగ ఓ గీత కారుతది. డోరు హ్యాండిల్ జోలికి మాత్రం పోకు. డ్రైవరు రోజూ చెయ్యి వెట్టే కాడ దుమ్ము నిలుస్తదా?"

పరమేష్ కుంచె అందుకున్నాడు. ఆమె చెబుతూ పోయింది, అతను అద్దుతూ పోయాడు. కొన్నిచోట్ల ఆమె వేలే కుంచె అయింది. ధరణి కూడా పొయ్యి ఆపేసి వచ్చి నిలబడింది.

"అత్తమ్మా, వైపరు తిరిగినంత మేర అద్దం సాఫ్ ఉంటది గద?"

"ఉంటది బిడ్డా, మంచిగ యాది జేసినవ్."

తొమ్మిదిన్నరకు వార్నిష్ కొట్టి ఆరబెట్టారు. పదింటికి పరమేష్ బైకు తీశాడు. లారీ డబ్బాను ఒళ్లో పెట్టుకుని పద్మమ్మ వెనక కూర్చుంది.

యాప్రాల్ హాల్లో జనార్ధన్ సార్ భూతద్దం పట్టుకుని ఆ లారీ మీద వంగినవాడు చాలాసేపు లేవలేదు. డీజిల్ మూత కింద గీత చూశాడు. హ్యాండిల్ మెరుపు చూశాడు. వెనక తలుపు సందుల్లోకి తొంగి చూశాడు.

"కంకర లారీ కదూ ఇది?"

పరమేష్ ఓ అడుగు ముందుకేశాడు. "అవును సార్."

"పోయినేడు పూసినట్టుందని నేనే రాశాను. ఇది పట్టిన మురికి. ఎవరు నేర్పారయ్యా?"

పరమేష్ పక్కనున్న తల్లిని చూపించాడు. పద్మమ్మ కొంగు సవరించుకుని హాల్లోని మిగతా బండ్లను చూడసాగింది.

సాయంత్రం మొదటి బహుమతి షీల్డు కూడా ఆమె ఒళ్లోకే చేరింది. పరమేష్ ధరణికి ఫోన్ చేసి, టేబుల్ జరపొద్దని చెప్పాడు. అవతల నుంచి నవ్వు వినిపించింది. మేడ్చల్ దారిలో సిగ్నల్ పడితే ఒక టిప్పర్ పక్కన బైకు ఆపాడు. ఒళ్లంతా దుమ్మున్నా దాని డోరు హ్యాండిల్ మెరుస్తోంది. ఇన్నేళ్లూ ఈ రోడ్డు మీదే తిరుగుతూ తనెందుకు చూడలేదో అతనికి అర్థం కాలేదు. సంతోషంతో పాటు సిగ్గూ కలిగింది.

"అమ్మా, పొద్దుగాల ఊకనే లొల్లి జేసిన. మనసుల వెట్టుకోకు. నువ్వు పొరపాటున కడిగినవ్ గాబట్టే గీ షీల్డు వచ్చింది."

"పొరపాటేంది బిడ్డా?" వెనక నుంచి అంది పద్మమ్మ. "ఇటుక పొడి నిన్ననే దంచి, గుడ్డల జల్లించి పెట్టుకున్న."