కిటికీ పక్క బల్ల

"వాడు మా తమ్ముడు. కాస్త గట్టిగా తిరగమని చెప్పు," అంది ఉమ్ సఫ్వాన్, పైన మూలుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ. "బతికున్నప్పుడూ ఇంతే. నాలుగుసార్లు అరిస్తేగానీ కదిలేవాడు కాదు."

ఉమ్ హారిస్‌కి నవ్వు రాలేదు. కుట్టి తెచ్చిన పరదాలు ఒళ్ళో పెట్టుకుని గది చుట్టూ చూసింది.

యుద్ధంలో కూలిపోయిన ఆ మోసుల్ బడిని జనమే చందాలేసుకుని నిలబెట్టారు. సుద్దముక్కల పెట్టె నుంచి నల్లబల్ల దాకా ఎవరో ఒకరు ఇచ్చినవే. ఆ పుణ్యం పోయినవాళ్ళకి చేరాలని ప్రతిదాని మీదా వాళ్ళ పేరు. తలుపు మీద ఒక తాత. నల్లబల్ల అంచున అక్కచెల్లెళ్ళిద్దరు. పిల్లలింకా రాలేదు, అయినా గది నిండిపోయినట్టుంది.

ఆమె పరదాల మీద మాత్రం ఏ పేరూ లేదు.

"పేరు లేకపోతే పుణ్యం ఎవరికి చేరుతుందే?"

"కిటికీకి చేరుతుంది."

"ఎన్నేళ్ళిలా? యుద్ధంలో తప్పిపోయిన నీ కొడుకు బతికుంటే ఈపాటికి రాడా?"

"ఏ ఇంటికి వస్తాడు? ఇల్లు నేలమట్టమైంది. నేను నది ఇవతల అద్దెగదిలో ఉన్నానని చెప్పడానికి మా వీధిలో ఎవరు మిగిలారు గనక?"

ఉమ్ సఫ్వాన్ గొంతు తగ్గించింది. "పోనీ, నీ పేరు కుట్టుకో. ఇంతకీ నీ అసలు పేరేంటి?"

"ఉమ్ హారిస్. వాడు పుట్టినప్పట్నించీ అందరికీ నేను హారిస్ తల్లినే."

"పుట్టింటివాళ్ళు పెట్టిందో?"

"అలా పిలిచే మనిషిని యుద్ధానికి ముందే మట్టిలో పెట్టాం."

"వాడి పేరుతో పిలిపించుకుంటావు. ఆ పేరు గుడ్డ మీద కుట్టమంటే మాత్రం చేతులు రావు!"

"పేరుకి కాదు. పేరుకి ముందు కుట్టాల్సిన మాటకి."

కొత్తగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ నహ్లా లోపలికి తొంగిచూసింది. "పిన్నీ, వెలుతురు కావాలంటే కిటికీ దగ్గర కూర్చోండి. ఆ బల్ల మాత్రం జరపకండి. బాగ్దాద్ నుంచి, బస్రా నుంచి, స్వీడన్ నుంచి కూడా పంపారు బల్లలు. ఒకాయన మాత్రం తనది కిటికీ పక్కనే వెయ్యాలన్నాడు. పేరడిగితే చెప్పడు, షరతులేమో పెళ్ళికొడుకువి!"

ఉమ్ హారిస్ వెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చుంది. అట్టముక్కలు చుట్టిన కొత్త చెక్క. కిటికీ అవతల అదే గోడ. ఒకటో తరగతిలో హారిస్ ఇక్కడే కూర్చునేవాడు, ఒకటే ఏడుపు. ఏడుపు ఆగేదాకా ఆమె ఆ గోడ పక్కన వేడి రొట్టె పట్టుకుని నిలబడేది. తల తిప్పినప్పుడల్లా వాడికి అమ్మ కనబడాలి.

ఇప్పుడు ఆ గోడ పక్కన ఎవరూ లేరు.

చాలాసేపు చూసింది. తర్వాత సంచీలోంచి నల్లదారం తీసింది.

ఉమ్ సఫ్వాన్ వెనక్కి తిరిగి చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

పరదా మూల సూది కదిలింది. 'దివంగత' అన్న మాట పూర్తయింది. పళ్ళతో దారం తెంపి, హారిస్ పేరు మొదలెట్టడానికి గుడ్డ సాపుగా పరుద్దామని బల్ల మీది అట్టముక్కని లాగేసింది. కింద ఇత్తడి రేకు మెరిసింది.

ఇది ఏ తల్లి కన్న బిడ్డో అనుకుంటూ వంగి చదివింది.

'యుద్ధంలో పోయిన మా అమ్మ బద్రియా ఆత్మశాంతికి. తల తిప్పితే కనబడాలని, ఆమె కొడుకు.'

సూది జారి కిందపడింది.

ఉమ్ హారిస్‌కి పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు బద్రియా.