మేలుకున్న నకలు

ఆ పొద్దున రామచంద్రం సేటు చీరల దుకాణానికి బిల్లుల కంప్యూటర్ పని మీద వచ్చిన సతీశ్ చేతిలో ఉన్నవి రెండే: ఒక పాత లాప్‌టాప్, నల్గొండ బట్టల దుకాణాల్లో మంచి పేరు. రెండోది పోతే మొదటిది ఎందుకూ కొరగాదు.

"సేటు ఇంట్ల ఇంకో కంప్యూటర్ ఉన్నది గద అన్నా, మళ్ల గీ నకలెందుకు?" అంది దుకాణంలో చీరలు చూపే నిరోష.

"అది ఈడ కొట్టిన బిల్లులన్నీ ఎప్పటికప్పుడు రాసుకుంటది, అంతే. ఈడిది ఖరాబైతే పనికొస్తదో లేదో చూడాలంటే దాని నకలు తీసి నా లాప్‌టాప్‌ల తెరవాలె."

"గా ఎర్ర బటనేంది?"

"మెసేజ్‌లు పోయేది. బందు చేసిన. నకలుకు తాను నకలని తెల్వది. బటన్ నొక్కి చాలు చేస్తే, పోయిన దసరాకు సేటు రాయించి ఆపిన 'ఇయ్యాల సగం ధర' మెసేజ్ గిరాకీలందరికీ పంపుతది."

"నాకు గవన్నీ ఎక్కవు గని, జల్ది కానీయ్" అన్నాడు రామచంద్రం సేటు, చీర మడత పెడుతూ.

సతీశ్ అన్నం తినొచ్చేసరికి గుమ్మం నిండా ఆడవాళ్లు. పానగల్ నర్సింగమ్మ అందరికన్నా ముందుంది.

"సగం ధరని మెసేజ్ చూసి ఆటోకు కిరాయి పెట్టి వచ్చినం సేటూ. మాట తప్పితే మళ్ల నీ గడప తొక్కం!"

సేటు తల పట్టుకున్నాడు. "ముంచిండమ్మా, గీ పోరడు ముంచిండు!"

"నేను బందు చేసిన సేటూ..."

"మరెట్ల పోయిందిరా? నీ నకలుకు చేతులున్నయా?"

సతీశ్ లాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తి చూశాడు; బటన్ చాలులో ఉంది. పోయిన మెసేజ్‌ను వెనక్కి పిలిచే దారి లేదు. తన వేలిని తానే నమ్మలేకపోయాడు.

"నిరోషా, మాట మాటే. పైనున్న అమ్ముడుపోని పాత చీరల కట్టలు దించు, కొత్త మాలుకు తాళమెయ్యి. గంతవరకే మునుగుదాం" అన్నాడు సేటు.

"నీ కడుపు సల్లగుండ!" అంది నర్సింగమ్మ, అప్పుడే రెండు చీరలు చంకన పెట్టుకుని.

సాయంత్రం లోపల సతీశ్‌కు మూడు దుకాణాల నుంచి ఫోన్లు వచ్చాయి. మూడింటిదీ ఒకే మాట: మా దిక్కు రాకు.

షట్టర్ దించాక అతను సేటు ముందు నిలబడ్డాడు. "నా కూలి వద్దు సేటూ. ఏడాది ఉత్తగ చేస్త. నా పేరొక్కటి నిలబెట్టుండ్రి."

సేటు కూలి మొత్తం అతని జేబులో పెట్టాడు. "నీ తప్పు లేదని రేపు అందరికీ నేనే చెప్త."

"తప్పు లేకపోవుడేంది సేటూ?"

సేటు ఖాళీ అయిన పై అరల వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"నువ్వు బందే చేసినవ్ బిడ్డా, నేనే చాలు చేసిన."