ఎర్రమ్మ పథ్యం

గర్భసంచి ఆపరేషనైన పదో రోజు, ఎర్రమ్మ బరువైన పొట్ట మడతను నర్సు ఎత్తి కుట్ల పక్కన నొక్కింది. నీళ్ల నెత్తురు జారింది. ఎర్రమ్మ మూలగనైనా మూలగలేదు.

"పైన అతికినా లోపల విడిపోతోంది. తిండేం పెడుతున్నారు?"

"గంజి, కారం మెతుకులమ్మా," అన్నాడు మొగుడు సన్యాసయ్య గొప్పగా. "సేపముక్క తగల్నీలేదు. నీసు తింతే సీము పడతాది గదా!"

"పప్పు, గుడ్డు?"

"అయ్యెందుకు? అంత ఒళ్లుంది, అదే మాన్పుకుంతాది."

"కొవ్వు గాయాన్ని మాన్పదయ్యా. లావు మనిషికైనా పస్తు పస్తే."

సన్యాసయ్య పెళ్లాం వైపు చూశాడు. రోజూ తను చేపల వేట నుంచి రాగానే ఎర్రమ్మ "ఆకలి మావా, ఒక్క ముక్కెట్టు" అని బతిమాలేది. అంత ఒంటికి ఆకలేటని ఇంటిల్లిపాదీ నవ్వేవారు.

రెండు రోజులుగా ఆమె అడగడం లేదు.