అట్ట కింది ఎరుపు

"గేర్‌బాక్స్ కింది ఆయిల్ పాన్ పొడిగా ఉంది. సీలు పొడిగా ఉంది. పైపూ పొడిగానే ఉంది" అన్నాడు మెకానిక్, కారు కింద నుంచే. బయటికి కనిపిస్తున్నవి అతని పాదాలు మాత్రమే.

"మరి నేల మీద ఆ మరక ఎక్కణ్ణుంచి వస్తోంది?" టీ కప్పు పట్టుకుని నిలబడి అడిగింది ఆమె.

"అదే అంతుబట్టట్లేదమ్మా."

ఆమె కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. గేటు లేని చిన్న ఇల్లు, ముందు ఒక్క కారు పట్టే పోర్టికో, ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. కొంతకాలంగా పొద్దున్నే కారు బయటికి తీసేసరికి నేల మీద అరచేయంత ఎర్రటి మరక కనిపిస్తోంది. ఇంజిన్ ఆయిలైతే నల్లగా ఉండేదనీ, ఎర్రగా ఉంది కాబట్టి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిలేననీ మెకానిక్ మొదటిరోజే తేల్చాడు. పాత బండికి ఇది మామూలే అన్నాడు. గ్యాస్కెట్ మార్చాడు. సీలు మార్చాడు. మరక మాత్రం పిలవని చుట్టంలా వస్తూనే ఉంది.

నిజం చెప్పాలంటే ఆమెకు అదీ ఒకందుకు బాగానే ఉంది. ఆ ఇంట్లో రెండో కప్పు కడగాల్సి వచ్చేది మెకానిక్ వచ్చిన రోజే. తల్లి పోయాక ఇంటికి మాట పడిపోయినట్టయింది. ఉన్న ఒక్క తమ్ముడు తల్లి కడచూపుకు అందలేదు. ఆ కోపంలో నలుగురి ముందూ వాణ్ణి నానా మాటలూ అంది. తల వంచుకుని వెళ్లినవాడు మళ్లీ ఫోనైనా చెయ్యలేదు. తోడబుట్టినవాడు, ఎన్నాళ్లని బిగుసుకు కూర్చుంటాడు, వాడే వస్తాడులే అని ఎదురుచూసింది. తర్వాత మానేసింది. మానేశాననుకుంది.

మెకానిక్ పాకుతూ బయటికొచ్చి, కింద పరిచిన అట్టను లాగి వెలుగులో పెట్టాడు.

"నిన్న సాయంత్రం బండి పెట్టగానే పరిచారా దీన్ని?"

"పరిచాను. చీకట్లో నేల సంగతి చూసుకోలేదు."

"దీని మీద ఒక్క చుక్క లేదు చూడండి. కానీ దీని కింద..."

అట్ట తీసిన చోట నేల ఎర్రగా, తడిగా మెరుస్తోంది. అతను వేలితో రాసి వాసన చూశాడు. ఇంజిన్ ఆన్ చేసి, గేర్‌బాక్స్ ఆయిల్ కొలిచే గేజీ పుల్ల తుడిచి ముంచి తీశాడు. ఆయిల్ తగ్గలేదు, పై గీత దాకా ఉంది.

"మీ కారు కారట్లేదమ్మా" అన్నాడు. "పగలు మీరు వెళ్లాక ఇక్కడ ఇంకో బండి ఆగుతోంది."

"మా ఇంటికెవరొస్తారు?"

అనేశాక ఆ మాటకు ఆమె మనసే చివుక్కుమంది.

"ఒంటరి ఆడమనిషని ఎవడో ఇంటి మీద కన్నేశాడు. పోలీసులకు చెప్పండి."

"ఏమని చెప్పను, మరక పడిందనా? నువ్వు బండి షెడ్డుకి తీసుకుపో బాబూ. నేను పనికి వెళ్లాననుకుంటాడు. వాడెవడో నేనే చూస్తాను."

"నేనూ ఉంటానమ్మా."

"నువ్వు కనిపిస్తే వాడు రాడు. ఫోను చేతిలోనే పెట్టుకుంటాలే."

అతను మనసొప్పకుండానే బండి తీసుకెళ్లాడు. ఆమె షాపుకి రానని చెప్పి, తలుపు గడియ పెట్టి, గొడుగు ఒళ్లో పెట్టుకుని కిటికీ తెర వెనక కూర్చుంది.

ఎండ వాలుతుండగా ఒక పాత నీలం కారు గరగరమంటూ వచ్చి పోర్టికోలో ఆగింది. ఇంజిన్ ఆగింది. ఎవరూ దిగలేదు. అద్దం మీద ఎండ పడి మొహం తెలియట్లేదు. స్టీరింగ్ మీద రెండు చేతులు మాత్రం కదలకుండా ఉన్నాయి. అలా ఎంతసేపో. వాడు దిగడు, పోడు.

చూసి చూసి ఆమె భయం కాస్తా కోపమైంది. గడియ తీసి, గొడుగుతో ఒక్క ఉదుటున బయటికొచ్చింది.

"ఎవడ్రా నువ్వు? నా ఇంటి ముందు నీకేం పని?"

లోపలి మనిషి ఉలిక్కిపడి, ఒక చేత్తో మొహం కప్పుకుని అటు తిరిగాడు. ఆమె గొడుగుతో అద్దం మీద టకటకా కొట్టింది.

"దించు అద్దం! ఇటు తిరుగు!"

అద్దం దిగింది. అతను మాత్రం మొహం ఇంకా అటే తిప్పుకుని అన్నాడు.

"మొహం చూపించొద్దన్నావని, నువ్వు లేనప్పుడు వస్తున్నానక్కా."