దణ్ణం బొమ్మలు

"నువ్వే చదువన్నయ్యా," అంటూ అనసూయ తన ఫోను త్రికోటయ్య చేతిలో పెట్టింది. ఆమె భర్త పోయి అయిదు రోజులైంది.

ఆపదలో ఉన్నవాళ్లను అంబులెన్సు కన్నా ముందే ఎవరో ఒకరి కారు గురజాల ఆసుపత్రికి చేర్చేలా ఊరికి వాట్సాప్ గ్రూపు పెట్టింది త్రికోటయ్యే. దాని పుణ్యాన ముగ్గురు బతికారు కూడా.

"మా ఆయనకు గుండెల్లో నొప్పి, కారు తీసుకురండి" అన్న ఆమె మెసేజీ కింద వరసగా దణ్ణం బొమ్మలున్నాయి. మొదటిది త్రికోటయ్యదే.

"అప్పుడు మిరపకోత కూలీల్ని చేలో దింపుతున్నానమ్మా. దేవుడికి దణ్ణం పెట్టుకున్నా. ఇంతమంది చూశారు, ఎవరో ఒకరు పోకపోతారా అనుకున్నా."

"అందరూ అదే అంటున్నారు."

"పక్కింట్లో సుబ్బారావు బాబాయి ఉన్నాడు గదా! ఆయనకు ఫోను లేకపోయినా కారుంది. ఒక్క కేక ఎయ్యకపోయావా తల్లీ?"

అనసూయ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గ్రూపులో పెట్టినాక కేకలెందుకనుకున్నానన్నయ్యా. మా ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూచున్నా. 'ఎవరొస్తున్నారే?' అనడిగాడు. 'ఊరంతా వస్తందయ్యా' అన్నా. ఆ మాట నమ్మే పోయాడు."