మొదటి రెండు ఫర్లాంగులు

పందేల మైదానంలో తన కొట్టం ముందు ఎవరో ముసలాయన గుర్రం బకెట్ బోర్లించుకుని కూర్చుని ఉండటం చూసి వెర్నా కుచేరాకు చిర్రెత్తుకొచ్చింది.

"పెద్దాయనా, లేవండి. అది నా గుర్రం నీళ్లు తాగే బకెట్."

"క్షమించమ్మా. మోకాళ్లు మొరాయించాయి."

లేచాడు కానీ కదల్లేదు. చేతిలో ఆ రోజు పందేల పుస్తకం. దాని నిండా ఎర్ర పెన్సిల్ అంకెలు.

"అయిదో పందెం టిన్ విజిల్‌దే" అన్నాడు తనలో తాను అనుకున్నట్టుగా.

ఆ పేరు వినగానే గుర్రాన్ని దువ్వుతున్న వెర్నా చెయ్యి ఆగిపోయింది.

"అంత గట్టిగా ఎలా చెబుతున్నారు?"

"మొదట్లో ఎవరు దూకుతారో చూడాలమ్మా. ఏ గుర్రం మొదటి రెండు ఫర్లాంగుల్లో ఎక్కడుంటుందో పాత పందేలన్నీ చూసి మార్కులేశాను. టిన్ విజిల్‌కి ఎనిమిదికి ఎనిమిది. మరో అయిదింటికి రెండు కూడా దాటలేదు. అన్నీ వెనకనుంచి వచ్చే బాపతే. వెంటపడేవాళ్లు లేకపోతే అది ఒంటరిగా ముందుకెళ్లి, ఊపిరి దాచుకుని, ఆడుతూ పాడుతూ గెలుస్తుంది."

"ఏడో గుర్రాన్ని మరిచిపోయారు."

"మీ పెప్పర్ సంగతా? దానికీ ఏడు మార్కులున్నాయి. కానీ నాలుగు ఫర్లాంగులకే చతికిలబడుతుంది. ఇదేమో ఆరు ఫర్లాంగుల పందెం. దాన్నెందుకు దించారో అర్థం కాలేదు."

"మీకు అర్థం కానక్కర్లేదు."

ముసలాయన ఆమె ముఖంలోకి చూశాడు. అర్థమైంది.

"వద్దమ్మా" అన్నాడు మెల్లగా. "పక్కన ఇంకో గుర్రం ఉంటే టిన్ విజిల్‌కి తగ్గడం తెలియదు. ప్రాణం పోయేదాకా పరిగెడుతుంది. దాని ఎడమ ముందుకాలు చూశారా?"

"చూడటమా? రెండేళ్లు ఆ కాలికి మంచుగడ్డల పట్టీ కట్టింది నేనే!"

"మరి?"

"మరి లేదు, గిరి లేదు. డ్వైట్ హాస్ పంపాడా మిమ్మల్ని? వెళ్లి చెప్పండి, వెర్నా వినలేదని. నడవండి ఇక్కణ్ణుంచి!"

ముసలాయన ఇంకేదో చెప్పబోయి, టోపీ సర్దుకుని, కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

టిన్ విజిల్ యజమాని హాస్. కుంటి పిల్లగా వచ్చినప్పటినుంచి దాన్ని ట్రైనర్‌గా తీర్చిదిద్దింది వెర్నా. అది వరసగా మూడు పందేలు గెలిచాక హాస్ దాన్ని పేరున్న మరో ట్రైనర్‌కి అప్పగించేశాడు. అంతటితో ఊరుకోలేదు. క్యాంటీన్‌లో అందరి ముందూ అన్నాడు: "వెర్నాకి గాడిదని తోలడం కూడా రాదు. గుర్రం మంచిది కాబట్టి గెలిచింది."

ఆ మాట నెబ్రాస్కా అంతా పాకింది. ఆమె కొట్టంలో గుర్రాలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. మిగిలింది సొంత గుర్రం పెప్పర్ ఒక్కటే.

మధ్యాహ్నం పందేనికి ముందు వెర్నా జాకీ ఎఫ్రైన్‌ని దగ్గరకు పిలిచింది.

"గేటు తెరవగానే టిన్ విజిల్ మెడ పక్కన ఉండాలి. దానికి ఊపిరి తీసుకునే సందు ఇవ్వకు."

"అక్కా, మలుపు దగ్గరికే పెప్పర్ పని అయిపోతుంది."

"నిన్ను గెలవమనలేదు."

ఎఫ్రైన్ గుర్రమెక్కాడు.

గేటు తెరుచుకుంది.

రెండు గుర్రాలూ ఒక్కటిగా దూకాయి. మెడకు మెడ, డెక్కకు డెక్క. మొదటి రెండు ఫర్లాంగులకు ఇరవై రెండు సెకన్లు కూడా పట్టలేదు. బోర్డు మీద ఆ సమయం చూసి జనం ఈలలేశారు.

"కానీ, కానీ" అంటోంది వెర్నా పళ్ల బిగువున.

మలుపులో పెప్పర్ వెనకబడింది. అయినా టిన్ విజిల్ తగ్గలేదు. గమ్యం ఇంకా ఫర్లాంగు దూరం ఉందనగా దాని తల పైకి లేచింది. అడుగు తడబడింది. వెనకనుంచి ఒకటి, రెండు, మూడు గుర్రాలు దాటిపోయాయి.

వెర్నా మైదానం అంచున ఉన్న కమ్మీ మీద గుద్ది పకపకా నవ్వింది. అయిదు నెలల్లో అదే మొదటి నవ్వు.

అప్పుడే టిన్ విజిల్ మీది జాకీ కిందికి దూకాడు. గుర్రం మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. నాలుగో కాలు నేలకు ఆనడం లేదు.

నవ్వు ఆగిపోయింది.

"భలే దెబ్బ కొట్టావు వెర్నా!"

పక్కన డ్వైట్ హాస్. అతని ముఖంలో ఏడుపు లేదు. చిరునవ్వుంది.

"కాకపోతే తగలాల్సినవాడికి తగల్లేదు. ఈ పందెంలో ఏ గుర్రాన్నైనా గేటు తెరవకముందే చీటీ వేసి, చెప్పిన ధరకి కొనుక్కోవచ్చన్న సంగతి మరిచావా? గేటు తెరిచిన క్షణంనుంచీ అది నాది కాదు. కాలు విరిగినా, మెడ విరిగినా కొన్నవాడి ఖర్మ."

"ఎవరు కొన్నారు?"

హాస్ గడ్డంతో మైదానం కేసి చూపించాడు.

ఇసుకలో ఆ ముసలాయన కుంటుకుంటూ గుర్రం దగ్గరకు వెళ్తున్నాడు. వెర్నా కమ్మీ కింద నుంచి దూరి పరుగెత్తింది.

టిన్ విజిల్ ఆమెను గుర్తుపట్టింది. చెమట కారుతున్న ముఖాన్ని ఆమె భుజానికి ఆనించింది.

"పొద్దున్నే చెప్పొచ్చు కదా... ఇది మీరు కొంటున్నారని" అంది వెర్నా.

"చెప్పడానికే వచ్చానమ్మా."

గుర్రాల డాక్టరు కాలు తడిమి చూసి తల అడ్డంగా ఊపాడు. "బతుకుతుంది. పరుగు మాత్రం ఇక లేదు."

ముసలాయన కళ్లెం చేతపట్టుకుని, గుర్రాన్ని ఎక్కించిన బండి వెంట నడిచి వెళ్లిపోయాడు.

వెర్నా మైదానం దాటుతుంటే ఆఫీసు గుమాస్తా కేకేసింది.

"వెర్నా, ఎక్కడికి పోయావు? ఇందాకటినుంచీ నీకోసం వెతుకుతున్నాను. టిన్ విజిల్ కాగితాల మీద నీ సంతకం కావాలి."

"నా సంతకమా? ఎందుకు?"

గుమాస్తా కాగితం అందించింది: కొత్త యజమాని ఆరిన్ పెల్ అన్న దాని కింద, ట్రైనర్ అన్న చోట, ఎర్ర పెన్సిల్‌తో 'వెర్నా కుచేరా' అని రాసి ఉంది.