ఒడిల్ కూర్చునే సీటు

“అదిగో, కూర్చుంది,” అన్నాడు ఆన్సెల్మ్ గొంతు తగ్గించి.

గ్యారేజీగా మార్చుకున్న గడ్డి కొట్టంలో ఇంజను తిరుగుతోంది. కారులో ఎవరూ లేరు. అయినా ఆ పాత డీఎస్ కారు ముక్కు మెల్లగా బెత్తెడు కుంగింది, బుస్సుమని నిట్టూర్చింది, మళ్ళీ లేచి సర్దుకుంది.

“కూర్చున్నదీ లేదు, నిల్చున్నదీ లేదు,” అన్నాడు లెయోన్స్, ముందు చక్రం పక్కన మోకాళ్ళ మీద వంగి టార్చి వేసి చూస్తూ. “ఎత్తు సరిచేసే వాల్వు కారుతోందిరా. లోపలి రబ్బరు ఎండి బెరడైపోయింది. నూనె జారితే దిగుతుంది, పంపు తోస్తే లేస్తుంది. ఇంతోటి దానికి దయ్యమెందుకు?”

“దయ్యం అనకు.”

“సరే, చెల్లెమ్మ అంటాను. నా చెల్లెలే కదా.”

ఈ కార్ల తీరే అంత. స్ప్రింగుల మీద కాదు, నూనె మీదా గాలి మీదా నిలబడతాయి. ఇంజను ఆపితే గొడ్డులా నేలకు చతికిలబడతాయి, తిప్పితే లేస్తాయి. మనిషి ఎక్కి కూర్చుంటే ఆ బరువుకు ఒక్క క్షణం కుంగి, తర్వాత వాటంతటవే పైకెత్తుకుంటాయి. ఎవరూ ఎక్కకుండానే కుంగడం ఆన్సెల్మ్ కారుకే చెల్లింది.

ఆన్సెల్మ్ భార్య ఒడిల్ పోయి రెండేళ్ళు కావస్తోంది. క్రిస్మస్‌కు వస్తున్న కూతురి కోసం చిన్న కారు వేసుకుని స్టేషనుకు వెళ్ళింది. తిరుగు దారిలో వంతెన మీద మంచుకు బండి జారింది. డీఎస్ ఆ రోజు చక్రాలు ఊడదీసి ఈ కొట్టంలోనే పడి ఉంది. ‘ఇంకొక్క రోజు, అయిపోతుంది’ అని వారం నుంచీ అంటూ వచ్చినవాడు ఆన్సెల్మే. ఆ మాట ఇప్పటికీ అతని గొంతులో ముల్లులా ఉంది.

చక్రాలు తిరిగి బిగించి ఇంజను తిప్పిన రోజే కారు కుంగింది. ఒడిల్ వచ్చి తన సీట్లో కూర్చుందనుకున్నాడు. ఊళ్ళో ఎవరి కారు మూలిగినా పరిగెత్తే మనిషి, తన కారు జోలికి మాత్రం పోలేదు. నూనె కారుతుంటే పోస్తూ వచ్చాడు. ఆదివారం వస్తే ఇంజను తిప్పి, ఊరి కబుర్లన్నీ ఆ ఖాళీ సీటుకు పూసగుచ్చినట్టు చెప్పేవాడు.

రేపు సకల పునీతుల పండుగ. ఊరంతా చామంతి కుండీలు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్తుంది. ఈసారి డీఎస్‌లోనే వెళ్దామని కూతురు సొలీన్ పట్టుబట్టింది.

“బ్రేకులకూ ఈ నూనే దిక్కు,” అన్నాడు లెయోన్స్. “సమాధుల దగ్గరికి పోయి అక్కడే ఉండిపోతావా ఏం? కొత్త వాల్వు తెచ్చాను. బిగించనీ.”

ఆన్సెల్మ్ అరచేత్తో కారు ముక్కు నిమిరాడు.

“బాగు చేయించు నాన్నా,” అంది సొలీన్. కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, కొట్టం మూల చెక్కపెట్టె మీద కూర్చుంది. “అమ్మ మళ్ళీ రాదని భయమా?”

“భయమే తల్లీ.”

లెయోన్స్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తల మాత్రం తిప్పలేదు. తన కొడుకును కాదనుకుని సొలీన్ పారిస్ వెళ్ళిపోయినప్పటినుంచి అతను ఆ పిల్ల ముఖం చూడడం మానేశాడు. పట్టు పడితే ఉడుంపట్టే.

“మామకి నేనింకా గోడతో సమానం,” అని నవ్వింది సొలీన్. “ఆయన సంగతి సరే. అమ్మని వెళ్ళనీ నాన్నా. నేనున్నాను కదా.”

ఆన్సెల్మ్ చాలాసేపు ఆ ఖాళీ సీటు వైపు చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

“కానియ్‌రా,” అన్నాడు లెయోన్స్‌తో.

కారును ఇనప స్టాండ్ల మీదికి ఎక్కించారు. పాత వాల్వు ఊడి రావడానికే ప్రాణం మీదికి వచ్చింది. ఇద్దరి చేతులూ పచ్చటి నూనెలో మోచేతులదాకా మునిగాయి. కొత్తది బిగించి, కారు కిందికి దించి, ఇంజను తిప్పారు. లేచింది. లేచి అలాగే నిలబడింది. ఆన్సెల్మ్ ఎదురుచూశాడు. ఎంతసేపు చూసినా ముక్కు కదల్లేదు. రెండోసారి పెళ్ళాన్ని పూడ్చిపెట్టినట్టు అనిపించింది అతనికి.

లెయోన్స్ వెళ్ళి ముందు సీట్లో ధబ్బున కూర్చున్నాడు. కారు కుంగింది, నిట్టూర్చింది, అతన్ని మోసుకుని లేచింది.

“నూట పది కిలోలు! ఇక మనిషి బరువు పడితేనే దిగుతుంది,” అంటూ దిగి వచ్చాడు. వెళ్ళబోతూ రెండు చామంతి కుండీలు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు. “మా ఆవిడ పంపింది.”

“రెండెందుకురా?”

లెయోన్స్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉండిపోయాడు. “ఉంచరా. రెండూ పెట్టు,” అని ఆన్సెల్మ్ భుజం గట్టిగా నొక్కి వెళ్ళిపోయాడు.

ఆన్సెల్మ్ కారు చుట్టూ తిరిగి వెళ్ళి ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

“రా తల్లీ. ఇక ఇక్కడ నువ్వే కూర్చోవాలి.”

“అమ్మ సీటు కదా నాన్నా?”

“అమ్మ పోయింది,” అన్నాడు. రెండేళ్ళలో ఆ మాట అతని నోటివెంట రావడం అదే మొదలు. గుండె బరువు కొంత దిగినట్టయింది. ఉన్న బిడ్డ ముందు ఇన్నాళ్ళూ లేని మనిషికోసం ఏడ్చినందుకు సిగ్గు కూడా వేసింది.

ఇటు వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. అతని బరువుకు కారు కుంగి, నిట్టూర్చి, లేచింది. సొలీన్ వచ్చి వాళ్ళమ్మ సీట్లో కూర్చుని, వెనక్కి వాలి, అతని వైపు చూసి నవ్వింది.

కారు కుంగలేదు.